నాన్నకు ఏ జ్యూసర్?

అక్క హైదరాబాద్‌లో ఉంటుంది. డెబ్బై అయిదు దాటిన తండ్రి ఇప్పుడు ఆమె దగ్గరే ఉన్నారు. నోట్లో మిగిలిన పళ్లన్నీ తీసేశారు, కట్టుడు పళ్లు పెట్టాలంటే చిగుళ్లు మానాలి. తమ్ముడికి తెనాలిలో మిక్సీల అమ్మకం, రిపేరు షాపు. జ్యూసర్ కొనాలని అక్క, అక్కర్లేదని తమ్ముడు ఫోన్లో పట్టుపట్టారు. ఇద్దరిలోనూ న్యాయం ఉంది గానీ అన్ని విషయాల్లోనూ సమానంగా లేదు. నాకు తోచింది మధ్యలో ఒకచోట చెబుతాను.

అక్క: ఒరేయ్, కోల్డ్ ప్రెస్ జ్యూసర్ ఒకటి చూసొచ్చాను. పద్దెనిమిది వేలు చెబుతున్నాడు. నాన్నకు పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు ఇద్దామని. ఇక్కడే తీసుకోనా, నీ దగ్గరేమన్నా తగ్గుతుందా?

తమ్ముడు: ధర తర్వాత చూద్దాం. అందులో ఏమేం తీస్తావు?

అక్క: బత్తాయి, క్యారెట్, దానిమ్మ, సపోటా. పక్క ఫ్లాటావిడ రోజూ పరగడుపున సొరకాయ జ్యూస్ తాగుతుంది. బీపీకి మంచిదంటుంది. అదీ మొదలుపెడదామని ఉంది.

తమ్ముడు: మిగతావాటికి తొందరలేదు, సొరకాయ దగ్గర ఆగు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త సొరకాయ, కాకరకాయ కలిపిన జ్యూస్ తాగి చనిపోయారు. తర్వాత ఐసీఎంఆర్ వాళ్లు నిపుణుల కమిటీ వేసి మరీ హెచ్చరించారు. చేదెక్కిన సొరకాయలో కుకుర్బిటాసిన్లని విషం ఉంటుంది. వాంతులు, విరేచనాలు, రక్తం కక్కుకోవడం, బీపీ పడిపోవడం, అంతదాకా పోతుంది.

అక్క: చిన్నప్పటి నుంచీ సొరకాయ తింటూనే ఉన్నాం కదరా!

తమ్ముడు: కూర చేదుగా ఉంటే మొదటి ముద్దకే కంచం పక్కన పెడతాం. జ్యూస్ అలా కాదక్కా. మందు అనుకుని గటగటా తాగేస్తారు, చేదుంటే ఇంకా మంచిదనుకుంటారు. తీసే ముందు చిన్న ముక్క కోసి నువ్వు నాలిక మీద పెట్టుకుని చూడాలి. కాస్త చేదనిపించినా కాయ మొత్తం పారెయ్యాలి. కాకరకాయతో కలిపావంటే ఏ చేదు దేనిదో తెలియదు. తాగాక కడుపులో తిప్పితే ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి పోవాలి. నువ్వు పద్దెనిమిది వేలది కొన్నా, లక్ష రూపాయలది కొన్నా ఈ సంగతి మారదు.

అక్క: సరే, అది వద్దులే. నాన్న కూడా ముచ్చటపడి అడిగిందేం కాదు. బత్తాయి సంగతి చెప్పు.

తమ్ముడు: బత్తాయికి కరెంటు మెషీనే అక్కర్లేదు. పొడుగు పిడి ఉన్న స్టీలు హ్యాండ్ ప్రెస్ కొను. కాయ అడ్డంగా కోసి బోర్లించి పిడి దించితే చాలు. మిక్సీలో గింజలతో సహా తిప్పావంటే గింజ నలుగుతుంది, తొక్క కింద తెల్ల పొర నలుగుతుంది. వాటిలోంచి రసంలోకి లిమోనిన్ దిగుతుంది. తీసినప్పుడు తియ్యగానే ఉంటుంది, కాసేపు బల్ల మీద ఉంచితే చేదెక్కుతుంది. నీ కోల్డ్ ప్రెస్‌లో తొనలు గింజలతో వేసినా ఆ తలనొప్పి తప్పదు. ప్రెస్‌లో గింజ చెక్కుచెదరదు. అల్యూమినియంది మాత్రం తీసుకోకు, పులుపు తగిలి నల్లబడుతుంది.

అక్క: నొక్కేది నువ్వా, నేనా? గ్లాసుకు మూడు కాయలు, రెండు పూటలా. నా మణికట్టు సంగతి నీకు తెలుసుగా.

తమ్ముడు: అయితే బత్తాయిల కోసమే కరెంటుది ఉంటుంది. మధ్యలో గాట్లు పడ్డ గుండ్రటి కోను, దాని మీద సగం కాయ ఆనిస్తే అదే తిరుగుతుంది. ముప్ఫై నలభై వాట్ల మోటారు. వెయ్యీ పదిహేను వందల్లో వస్తుంది. నల్గొండ బత్తాయి మీకు పక్కనే, ఆ కాయకి అంతకుమించి మెషీన్ దండగ. ఆఁ, ఇంకోటి. నాన్న కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటారు కదా, పంపరపనస జ్యూస్ మటుకు డాక్టర్ని అడక్కుండా ఇవ్వకు. గ్రేప్‌ఫ్రూట్ జాతిది అది. కొన్ని మాత్రలు ఒంట్లో అరక్కుండా అడ్డుపడి రక్తంలో మందు పాలు పెంచేస్తుంది.

అక్క: అది బాగానే చెప్పావు, మాత్రల చీటీ తీసుకెళ్లి అడుగుతాను. ఇప్పుడు క్యారెట్. నీ హ్యాండ్ ప్రెస్‌లో క్యారెట్ పెట్టి నొక్కు, చూస్తాను.

తమ్ముడు: ముక్కలు కోసి, కాసిని నీళ్లు పోసి మిక్సీలో తిప్పి, పల్చటి నూలుగుడ్డలో వేసి పిండితే సరి. అమ్మ అట్లానే తీసేది.

అక్క: అమ్మ తీసేది, మనం తాగేవాళ్లం. నువ్వెప్పుడన్నా పిండావా? గుడ్డ ముడేసి మెలి తిప్పుతుంటే వేళ్ల సందుల్లోంచి గుజ్జు తన్నుకొస్తుంది. గుడ్డకు పట్టిన రంగు ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. పైగా నీళ్లు కలిపితే గానీ మిక్సీలో బ్లేడు తిరగదు. పావుకిలో క్యారెట్‌కు అరగ్లాసు నీళ్లు కలిపి ఇస్తే నాన్న ‘ఇదేం క్యారెట్టే’ అంటున్నారు. ఆ పని రోజూ రెండు పూటలా చెయ్యమని చెప్పడం తేలికే, చేసే చెయ్యి నాది.

తమ్ముడు: ఒప్పుకున్నా. క్యారెట్, బీట్‌రూట్, ఉసిరి, అల్లం లాంటి గట్టివాటికి గుడ్డ కన్నా మెషీన్ నయమే. ఏ మెషీన్ అన్నదే మిగిలింది. జ్యూసర్ మిక్సర్ గ్రైండర్ అని వస్తాయి కదా, జ్యూస్ బండ్ల దగ్గర అవే చూస్తావు. వాళ్లలో చాలామంది వాడే సుజాత కంపెనీది 900 వాట్లు, నిమిషానికి 22 వేల చుట్లు. జ్యూసర్ గిన్నెలో అడుగున కోరాము పళ్లలాంటి పళ్లెం, చుట్టూ జల్లెడ బుట్ట. కాయ పడీ పడగానే కోరుకుపోతుంది. ఆ వేగానికి రసం జల్లెడ దాటి ముక్కులోంచి వస్తుంది, పిప్పి పైకెగిరి వెనక డబ్బాలో పడుతుంది. అయిదారు వేలలో పప్పు రుబ్బేది, పొడి కొట్టేది, జ్యూస్ తీసేది అన్నీ వస్తాయి.

అక్క: ఆ వేగమే కదా గొడవ! వేడికి విటమిన్లు చచ్చిపోతాయని, ఎంజైములు పోతాయని షాపతను చెప్పాడు.

తమ్ముడు: రసం ఆ బుట్టలో ఉండేది క్షణాలు. బయటికొచ్చాక గ్లాసు పట్టుకుని చూడు, వేడేమీ తెలియదు. ఎంజైముల మాటకొస్తే అవి ప్రొటీన్లే, కడుపులో పడ్డాక మిగతా ప్రొటీన్లలాగే అరిగిపోతాయి. నిజమైన తేడా గాలి. వేగంగా తిరిగే బుట్ట రసంలోకి గాలి కొడుతుంది, అందుకే పైన అంత నురగ. యాపిల్ ముక్క కోసి పెడితే ఎర్రబడినట్టే ఆ రసం రంగు మారుతుంది, పైన నురగ, కింద నీళ్లు విడిపోతాయి. నిమ్మచుక్క పిండితే కొంత ఆగుతుంది. తీసిన వెంటనే తాగేవాళ్లకు ఆ తేడా లెక్కలోకి రాదక్కా. పొద్దున తీసి బాటిల్లో పోసి ఆఫీసుకు పట్టుకెళ్లేవాళ్లకైతే నీ కోల్డ్ ప్రెస్ లాంటి నెమ్మది మెషీన్ కొంత మేలు.

అక్క: నాకింకో అనుమానం. మిక్సీకి 750 వాట్లుంటే ఈ పద్దెనిమిది వేలదానికి 200 వాట్లే రాశాడు. డబ్బులు ఎక్కువ, బలం తక్కువ అయితే ఎందుకు?

తమ్ముడు: వాట్లు చూసి బలం లెక్కెయ్యకు. చాలామంది మోసపోయేది అక్కడే. దాంట్లో లావుపాటి స్క్రూ ఉంటుంది, నిమిషానికి నలభై నుంచి ఎనభై చుట్లే తిరుగుతుంది. మోటారు వేగాన్ని గేర్లు ఎంత తగ్గిస్తే మెలితిప్పే బలం అంత పెరుగుతుంది. మిక్సీ ఉన్న శక్తినంతా వేగంలో ఖర్చుపెడుతుంది, ఇది నలపడంలో పెడుతుంది. ముక్క స్క్రూకీ జల్లెడకీ మధ్య ఇరుక్కుని నలిగి, రసం ఒక దారిన, పిప్పి ఒక దారిన పోతాయి. కరెంటు కూడా పెద్దగా కాలదు, పావుగంట నడిపినా యూనిట్‌లో ఇరవయ్యో వంతు.

అక్క: మరి అది మంచిదని నువ్వే చెబుతున్నావుగా!

తమ్ముడు: మంచి మెషీనే. నీకు అవసరమా అన్నది నా ప్రశ్న. సపోటా అన్నావు, దాంట్లో వేస్తే రసం రాదు, ముద్ద వస్తుంది. అరటి, మామిడి, బొప్పాయి అన్నీ అంతే. వాటికి మిక్సీ జారే గతి. నూజివీడు రసాలైతే చేత్తో పిసికి గిన్నెలోకి పిండితే చాలు. దానిమ్మ గింజ గట్టిది, ఎక్కువ నలిగితే వగరు దిగుతుంది. మిక్సీని ఒకసారి తిప్పి ఆపి, ఒకసారి తిప్పి ఆపి వడకట్టుకుంటే గింజ పగలదు. కొత్తిమీర, తోటకూర కాడలు పొడుగ్గా వేస్తే స్క్రూకి చుట్టుకుని మెషీన్ ఆగిపోతుంది, అంగుళం ముక్కలు చేసుకోవాలి. చూస్తే చివరికి నీ కోల్డ్ ప్రెస్ పని చేసేది ఒక్క క్యారెట్‌కే. నాన్నకు పళ్లు లేవు గానీ అరుగుదల బాగానే ఉంది. పీచు తీసేసి నీళ్లు ఎందుకు తాగించడం? మెత్తటి పండు మిక్సీలో తిప్పి వడకట్టకుండా చిక్కగా ఇవ్వు. ఈ వయసులో మలబద్ధకానికీ అదే మందు.

అక్క: నువ్వు తెనాలిలో కూర్చుని చెబుతున్నావు. నేను దగ్గరుండి చూస్తున్నాను. పన్ను తీసిన గుంటలో జామ నలక ఒకటి ఇరుక్కుని రాత్రంతా నిద్రపోలేదు. డాక్టరు చిక్కటివి కొన్నాళ్లు వద్దన్నాడు. స్ట్రా పెట్టి పీల్చొద్దని కూడా చెప్పాడు, పీలిస్తే గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడి నొప్పి తిరగబెడుతుందట. గ్లాసుతో పల్చగా తాగాల్సిందే. జావ, పెరుగు, గుడ్డు అన్నీ ఇస్తూనే ఉన్నాను. జ్యూస్ ఒక్కటే పోసి పడుకోబెట్టడం లేదు.

ఇక్కడ నాకు అక్క మాటే సబబుగా ఉంది. జ్యూస్ కన్నా పండు మేలన్న మాట నమలగలిగిన వాళ్లకు చెప్పాల్సింది. నమల్లేని పెద్దాయన ముందు ఆ మాట తెచ్చి పెడితే ఆయన ఆకలికి జవాబు చెప్పినట్టు కాదు. మంచం మీదున్నవాళ్లకు, నోరు పూసినవాళ్లకు, చిగుళ్లు మానాల్సినవాళ్లకు పల్చటి రసం ఒక పూట బలం. ఆ ఇళ్లలో జ్యూసర్ విలాస వస్తువు కానేకాదు. అయితే జ్యూసర్ ఇంట్లోకొచ్చాక ఒక్కరి దగ్గరే ఆగదు. తమ్ముడి వాదనలో బలం అక్కడ మొదలవుతుంది.

తమ్ముడు: సరే, నాన్నకు కావాలి. మూడేళ్ల నీ మనవరాలికి?

అక్క: దానికీ ఒక గ్లాసు పోస్తాను. కోలాలు తాగే కన్నా నయం కదా.

తమ్ముడు: పావు లీటరు నారింజ రసంలో దాదాపు 21 గ్రాముల చక్కెర ఉంటుంది, నువ్వు పంచదార చెంచా ముట్టకపోయినా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర మీద ఇచ్చిన లెక్కలో పండ్ల రసంలో చక్కెర కూడా విడి చక్కెర కిందే వస్తుంది. రోజు మొత్తం తిండి ఇచ్చే క్యాలరీల్లో అది పదో వంతు దాటకూడదు, ఇరవయ్యో వంతు లోపుంటే ఇంకా మంచిది అన్నారు. పెద్దవాళ్లకు ఆ ఇరవయ్యో వంతు అంటే పాతిక గ్రాములు. పసిదానికి అందులో సగమో ఏమో! అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2017లో ఏడాది లోపు పిల్లలకు జ్యూసే వద్దంది, మూడేళ్ల దాకా రోజుకు 120 మిల్లీలీటర్లు దాటొద్దంది. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు కూడా రసం బదులు పండే తినమంటాయి.

అక్క: పండులో ఉన్న చక్కెరే కదరా రసంలో ఉండేది? పండు మంచిదై రసం చెడ్డదెలా అవుతుంది?

తమ్ముడు: మూడు బత్తాయిలు నువ్వు ఒలిచి తినగలవా? ఒకటి తినేసరికి చాలనిపిస్తుంది. అదే మూడు కాయల రసం నిలబడి ఒక్క గుక్కలో తాగేస్తావు. పీచుతో తింటే చక్కెర మెల్లగా ఎక్కుతుంది. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఒక పరిశోధన వచ్చింది, 1,87,000 మందికి పైగా ఆరోగ్య వివరాలు ఏళ్ల తరబడి చూసి రాసింది. ద్రాక్ష, యాపిల్ లాంటి పండ్లు తిన్నవాళ్లకు షుగర్ వచ్చే ముప్పు తక్కువగా కనిపించింది, పండ్ల రసం ఎక్కువ తాగేవాళ్లకు ఎక్కువగా కనిపించింది. మన ఇంట్లో అమ్మకు షుగర్, పెద్దమ్మకు షుగర్. మనకు ఈ భయం ఉండాలక్కా.

అక్క: నాన్నకు తీస్తుంటే అది గట్టెక్కి కూర్చుంటుంది. దాని చేతికి ఏమివ్వను?

తమ్ముడు: గింజ తీసిన బత్తాయి తొన ఇవ్వు. పచ్చి క్యారెట్ ముక్క మటుకు ఇవ్వకు, ఆ వయసుకు గొంతులో అడ్డం పడుతుంది.

అక్క: అదీ సరే. ఇక నా మాట విను. నువ్వు చెప్పిన అయిదు వేల మెషీన్ చప్పుడు విన్నావా? నాన్న తెల్లవారుజామున అయిదున్నరకు లేస్తారు. పసిది ఎనిమిదింటికి లేస్తుంది. రెండు గదుల ఫ్లాటులో ఆ మోత మోగితే ఇల్లంతా లేస్తుంది, కింద ఫ్లాటువాళ్లూ లేస్తారు. నెమ్మదిగా తిరిగేదానికి ఆ బాధ లేదు. నాకు విటమిన్ల కన్నా అది ముఖ్యం.

తమ్ముడు: ఈ కారణం అమ్మేవాడెవడూ చెప్పడు చూడు! దీనికి నా దగ్గర జవాబు లేదు. సరే కోల్డ్ ప్రెస్సే కొను, కానీ కడిగేది ఎవరో ఇప్పుడే తేల్చుకో. నా షాపుకు మార్పిడికొచ్చే జ్యూసర్లలో ఎక్కువ వాటికి మోటారు కొత్తగానే ఉంటుంది, జల్లెడ మాత్రం మూసుకుపోయి ఉంటుంది. కడగలేక అటకెక్కించినవి. క్యారెట్ పీచు ఆ సన్నటి కంతల్లో దిగి ఎండితే సూదితో పొడిచినా రాదు. తీసిన వెంటనే, మెషీన్ ఆపకుండానే గ్లాసు నీళ్లు పోసి తిరగనివ్వాలి. తర్వాత ఊడదీసి జల్లెడను కుళాయి కింద బయటివైపు నుంచి బ్రష్షుతో రుద్దాలి. పిప్పి వచ్చే దారిలో చిన్న రబ్బరు మూత ఉంటుంది, దాన్ని ఎవరూ తియ్యరు. దాని వెనకే బూజు పడుతుంది. ప్లాస్టిక్‌కు క్యారెట్ రంగు పడితే సబ్బుతో పోదు, నాలుగు చుక్కల నూనె రాసి తుడిస్తే పోతుంది.

అక్క: కడిగేది నేనే. పనమ్మాయికి అప్పజెబితే మిగతా గిన్నెలతో పాటు సాయంత్రం దాకా సింకులో నానుతుంది.

తమ్ముడు: షాపులో ఏం అడగాలో చెబుతాను. పెట్టె మీద మోటారుకు పదేళ్ల వారంటీ అని పెద్ద అక్షరాలుంటాయి. పోయేది మోటారు కాదు. జల్లెడ చీలుతుంది, స్క్రూ అంచు అరుగుతుంది, రబ్బరు వాషర్లు సాగుతాయి. వాటికి వారంటీ ఎంత, విడిగా ధర ఎంత, ఊళ్లో దొరుకుతాయా అని అడుగు. మిక్సీ అయితే కప్లర్ విరిగినా, కార్బన్లు అరిగినా, బుష్ పోయినా ఏ వీధి చివరైనా వేసిస్తారు. దీని జల్లెడ ఆ కంపెనీదే కావాలి. పోయినేడు ఒకాయన జల్లెడ కోసం నెలల తరబడి ఫోన్లు చేసి విసిగి, మెషీన్ నా షాపులో వదిలేసి పోయాడు. ఏ కంపెనీదో చెప్పను గానీ పేరున్నదే.

అక్క: యాపిల్ కొయ్యకుండా మొత్తం పట్టే పెద్ద మూతిది ఉంది. దానికి రెండు వేలు ఎక్కువ. తీసుకోనా?

తమ్ముడు: వద్దు. ఎలాగూ గింజలు తియ్యడానికి కోస్తావు. అంత మూతిలో పిల్ల చెయ్యి కూడా పడుతుంది. పైగా కాయలు కాయలుగా కుక్కితే ఇరుక్కుని ఆగుతుంది. ఆగితే వెనక్కి తిప్పే మీట ఉందో లేదో చూడు, అది ఉండి తీరాలి. ఇంకోటి, షాపులో వాళ్ల యాపిల్‌తో కాదు, నువ్వు తీసుకెళ్లిన క్యారెట్‌తో తీయించు. వెనక పడ్డ పిప్పి పిడికిట్లో వేసుకుని గట్టిగా పిండు. రసం కారిందా, అది నీకు రావాల్సిన రసం, ఆ మెషీన్ వదిలెయ్. పొడిపొడిగా రాలిందా, బాగా నలుపుతున్నట్టు.

అక్క: ఆ పిప్పి పారెయ్యను, చపాతీ పిండిలో కలుపుతాను. మేమూ, పసిదీ తింటాం.

తమ్ముడు: అయితే పీచు ఇంట్లోనే ఉంటుంది, నాకింకేం అభ్యంతరం లేదు. ఒక్కటే అనుమానం. మూణ్నాలుగు నెలల్లో నాన్నకు కట్టుడు పళ్లు వస్తాయి. అప్పుడు పద్దెనిమిది వేల మెషీన్ ఏమవుతుంది?

అక్క: కట్టుడు పళ్లతో పచ్చి క్యారెట్ ఎవరన్నా కొరుకుతారట్రా? మామయ్య పెట్టించుకుని ఆరేళ్లయింది, ఇప్పటికీ జామకాయ తురిమిస్తేనే తింటాడు. నాన్నకు రోజుకొక గ్లాసు నడుస్తుంది. బత్తాయికి నువ్వు చెప్పిన కోను తీసుకుంటాను, క్యారెట్‌కు ఇది. రెండో గ్లాసు మానేస్తాను, దాని బదులు మజ్జిగ.

తమ్ముడు: రెండు మెషీన్లా? నేను ఒకటీ వద్దని మొదలుపెట్టాను!

అక్క: నువ్వే కదరా బత్తాయికి అది, క్యారెట్‌కు ఇది అని విడదీశావు. రేపు అరకిలో క్యారెట్ సంచిలో వేసుకుని షాపుకెళ్తున్నాను. పిప్పి పిండి చూసి, జల్లెడ ధర అడిగి ఫోన్ చేస్తాను, షాపులో ఉండు.

తమ్ముడు: పదకొండింటికి చెయ్యి. పిప్పి ఫొటో కూడా తీసి పంపు, బిల్లు కట్టేది నేను చూశాకే.